మూడో పేరు

"మొన్నటిదాంక తెరుచుకున్నది, ఇయ్యాల సర్వర్ ఎర్రర్ అంటున్నది బిడ్డా," అన్నాడు శ్రీరాములు. మొదటి చీర అమ్మవారు జములమ్మకు సమర్పించేదాకా ఆయన తాను నేసే చీరల కొత్త అంచుల డిజైన్లు ఎవరికీ చూపడు. అందుకే వెబ్‌సైట్‌లో వాటి ఫోల్డర్‌కు తమ్ముడు ఉమేష్‌తో పాస్‌వర్డ్ పెట్టించాడు.

కూతురు రోజా వెతికింది. "పాస్‌వర్డ్ల ఫైలు నిన్న ఎవరో మార్చి వేరే చోట పెట్టిండ్రు నాన్నా. ఫోల్డర్ తాళం దాన్ని పాత చోటే వెతుకుతున్నది, అందుకే ఎర్రర్. ఆ ఫైల్ల మూడు పేర్లున్నయి."

"నేను, చిన్నాయన. ఇద్దరమే గద?"

"మూడోది మన అంచులు పవర్‌లూమ్ మీద నకలు దించే సేటుది."

మగ్గం మీదున్న ఉమేష్ తలెత్తలేదు. "సేటు ఇంకా చూడలేదన్నా. తెరవబోతే ఎర్రర్ వచ్చిందట."

"ఆయన్ను అమ్మవారు ఆపింది," అన్నాడు శ్రీరాములు. "నువ్వెందుకు ఆగలే తమ్మీ?"