గాలి చూసే మనిషి

ఆ పొద్దున కూడా ఆవిడ వచ్చింది.

కంచె అవతల నిలబడి చీరకొంగు కొసని గాలికి వదిలింది. అది ఎటు ఎగురుతోందో చూసింది. తర్వాత యార్డులో చెత్త కుప్పల వంక చూసి ఫోను తీసింది.

"సూసావా? ఫొటో తీత్తంది," అన్నాడు గవర్రాజు, టీ గ్లాసు కింద పెట్టి.

కుప్పలు తిరగేసే లోడరు బండి మీద కూర్చున్న కన్నబాబు నవ్వాడు. అతను గవర్రాజుకి వరసకి బావమరిది. "నీ అందం సూసి తీత్తందేమో బావా!"

"ఏళాకోళం కాదెహె! ఈ నెల్లోనే పర్మిషన్ రెన్యువల్. పక్క కాలనీవోళ్ళు ఒక్క కాయితం రాత్తే గేటుకి తాళమే."

బెల్లం వ్యాపారం మానేసి గవర్రాజు దువ్వాడ అవతల ఈ కంపోస్టు యార్డు పెట్టి మూడేళ్ళయింది. సింహాచలంలో వాడిన పూలదండలు, రైతుబజారు ఆకుచెత్త, ఉక్కునగరంలో కొట్టేసిన కొమ్మలు, అన్నీ ఇక్కడికొచ్చి ఎరువవుతాయి.

కుప్పలు కదలకుండా ఉన్నంతసేపు వాసన అంతగా ఉండదు. లోపలికి గాలి తగలాలని తిరగేసినప్పుడే కంపు లేస్తుంది. పొద్దున్నే తిరగేస్తే అది ఖాళీ పొలాల మీదుగా పోతుంది. లారీలు ఆలస్యమై పని ఎండెక్కాక మొదలైతే మాత్రం, సముద్రపు గాలి ఆ కంపునంతా మోసుకెళ్ళి కాలనీ ఇళ్ళలో దింపుతుంది.

అయినా మూడేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు.

గవర్రాజు అనుమానమల్లా అక్కడే. ఏమీ కొననివాడు రోజూ కొట్టు ముందు నిలబడితే వాడి చూపు సరుకు మీద కాదు, గల్లాపెట్టె మీద అని అతని లెక్క.

లేచి కంచె దగ్గరికి నడిచాడు.

"ఏటమ్మా, రోజూ వచ్చి ఏటి సూత్తన్నావ్?"

"గాలి చూస్తున్నాను బాబూ."

"మీ ఇంటికాడ గాలి లేదేటి?"

ఆవిడ నవ్వింది. "ఉంది. ఇక్కణ్ణించి వచ్చేదే. ఇవాళ కుప్పలు తిరగేస్తారా?"

ఆ మాటతో గవర్రాజు అనుమానం గట్టిపడింది. సరిగ్గా తిరగేసే వేళకి ఆఫీసరుని వెంటబెట్టుకు రావడానికి కాకపోతే ఈవిడకెందుకు?

"లేదమ్మా. లోడరు పాడయింది."

"మధ్యాహ్నం కూడా తిరగెయ్యరు కదా? కాస్త కచ్చితంగా చెప్పండి బాబూ."

"అప్పన్న మీద ఒట్టు. ఇయాల ముట్టుకోం."

ఆవిడ సింహాచలం కొండవైపు తిరిగి చేతులు జోడించింది.

"అప్పన్న పేరు చెప్పాక ఇంకేం కావాలి!" అంటూ ఫోను చెవికి ఆనించుకుని గబగబా వెళ్ళిపోయింది.

కన్నబాబు లోడరు మీంచి దూకాడు. "అప్పన్న మీద అబద్ధం ఒట్టేత్తావేటి బావా! కళ్ళు పోతాయి."

"గూఢచారికి నిజం సెప్పేవోడు యాపారం సెయ్యలేడ్రా. ఎండెక్కాక తిరగెయ్యి. అప్పుడికి ఆవిడ మళ్ళీ రాదు."

ఎండెక్కింది. లోడరు పూలకుప్పలోకి దిగింది. వానకి నానిన దండలు లోపల ఉడికిపోయి ఉన్నాయేమో, ఒక్కసారిగా ఆవిరి లేచింది. కన్నబాబు తువ్వాలు ముక్కుకి చుట్టుకున్నాడు.

కాలనీలో పొద్దుట్నుంచీ వినబడుతున్న సన్నాయి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఎవళింట్లోనో ఏదో శుభకార్యం లాగుంది బావా. ఆపేద్దునా?"

"మనకెందుకురా! కానియ్."

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"పీడ విరగడైంది," అనుకుని గవర్రాజు గేటు ముందు గుమ్మడికాయ కొట్టించాడు.

గుమ్మడికాయ ముక్కలు ఎండకముందే జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు దిగాడు. వెనకాలే కాలనీ అంతా కదిలి వచ్చింది. అందరికీ ముందు కాలనీ అసోసియేషన్ సెక్రటరీ సాయిశంకర్.

"నిశ్చితార్థం భోజనాలండి," ఆఫీసరుకి చెప్పాడతను. "పెళ్ళికొడుకు తరఫువాళ్ళు విస్తళ్ళు వదిలేసి లేచిపోయారు. అందరం సంతకాలు పెట్టాం."

ఆఫీసరు గవర్రాజు వైపు తిరిగాడు. "వీళ్ళు చెప్పేది నిజమేనా? నీ తరఫున చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

గవర్రాజు గుంపంతా వెతికాడు. ఆవిడ కనబడలేదు.

"ముందు ఆవిణ్ణి పిలవండి సార్! కుంపటెట్టి సాటున కూకుంటే సరిపోద్దా? రోజూ ఈ కంచె కాడే నిలబడి ఫొటోలు తీసింది. నాను సూడలేదనుకున్నారా?"



"ఆవిడ రారు," అన్నాడు సాయిశంకర్. "మీ ఒట్టు నమ్మి, భయం లేదు, బయటే పందిరి వేసి వడ్డించుకోండి అని చెప్పింది ఆవిడే. పెళ్ళికూతురి తల్లి ఆవిణ్ణి నలుగురిలో నిలదీసింది. ఇంక ఈ కాలనీలో నా మాటకి విలువ లేదు అని తలుపేసుకున్నారు."

గవర్రాజు ఆవిడ రోజూ నిలబడే కంచె వంక చూశాడు.

"నా ఒట్టుతో... ఆవిడకేటి పని?"

గేటు దగ్గర బంట్రోతు తాళం బిగిస్తున్నాడు.

"మీరు రాకముందు చెత్తంతా మా కాలనీ వెనకే తగలబెట్టేవారు. ఆ పొగకి వాళ్ళాయన దగ్గి దగ్గి మంచాన పడ్డారు. ఈ యార్డు వచ్చాకే పొగ ఆగింది, దీన్ని పోనివ్వకూడదు అని ఆవిడ అనేవారు," అన్నాడు సాయిశంకర్. "భ్రమరాంబగారు మా అసోసియేషన్ ప్రెసిడెంటండీ; రోజూ మీ కంచె దగ్గర గాలి చూసుకుని, ఇంటింటికీ ఫోను చేసి కిటికీలు వేయించి, ఈ మూడేళ్ళూ మీ మీద ఒక్క సంతకం పడకుండా కాసింది ఆవిడే."