సగటు గీత

"మన డబ్బు కూడా అన్నయ్య చేతిలో పెట్టీదామండీ," అంది నీలవేణి.

ఆమె భర్త ఉమాశంకర్ విజయనగరం డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాడు. ఆమె అన్న జగన్నాధం పొందూరులో ఖద్దరు అమ్ముతాడు. పదో తరగతి తప్పాడు.

బావలిద్దరూ ఒకే ఫండ్‌లో డబ్బు పెట్టారు. చైనా, బ్రెజిల్ లాంటి వర్ధమాన దేశాల షేర్లు కొనే ఫండ్ అది. పద్ధతి నేర్పింది ఉమాశంకరే. కాగితం మీద ఒక గీత గీసి చూపించాడు.

"ఇది సగటు. ధర దీనికి బాగా కిందికి పడితే కొనాలి, బాగా పైకి పోతే అమ్మాలి. ఎంత దూరం పోయినా చివరికి గీత దగ్గరికే వస్తాది."

"ఎంత పడితే బాగా పడినట్టు బావా?"

"అది లెక్క కట్టాల. నీకు రాదులే."

2016 ఫిబ్రవరిలో ధర పడింది. ఉమాశంకర్ లెక్క కొనమంది, కొన్నాడు. ధర ఇంకా పడింది. చైనా పని అయిపోయిందని టీవీలో అన్నారు. భయపడి మొత్తం అమ్మేశాడు. మర్నాడు జగన్నాధం కొన్నాడు.

2018 జనవరిలో ధర గీతకు చాలా పైన ఉంది. ఈసారి రోజులు వేరు, పాత సగటు పనికిరాదు అనుకుని ఉమాశంకర్ మళ్లీ కొన్నాడు. ఆ వారమే జగన్నాధం అమ్మేశాడు. అక్టోబరుకి అంతా తిరగబడింది. ఇతను అమ్మాడు, అతను కొన్నాడు.

లాభంతో జగన్నాధం మేడ మీద గది వేశాడు. ఆ గది చూస్తున్నప్పుడు నీలవేణి ముఖంలో గర్వం కనిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గర్వం తన కోసం ఎప్పుడైనా వెలిగిందా అని ఉమాశంకర్ వెతుక్కున్నాడు. దొరకలేదు.

బావ అదృష్టం కూడా సగటుకు దిగి రావాలి కదా అని ఎదురుచూశాడు. అలా ఎదురుచూడటం తప్పని తెలుసు. తెలియడం వల్ల అది తగ్గలేదు.

ఇప్పుడు డబ్బు బావ చేతిలో పెడితే, ఇంట్లో తన మాటకు ఇక విలువ ఉండదు. బావ సరైన రోజు పట్టుకునే కిటుకేదో తెలిస్తే పెట్టనక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే రైలెక్కి పొందూరులో దిగాడు.

జగన్నాధం కొట్లో పంచెలు మడతపెడుతున్నాడు.

"ఏటి బావా, కబురైనా లేకుండా వచ్చీసినావు?"

"ఎప్పుడు కొనాలో నీకు బొంబాయిలో ఎవరు సెబుతున్నారు?"

"బొంబాయా? అనకాపల్లి దాటితే నన్ను పలకరించినోడే లేడు."

"మరి ఎన్ని నెలల సగటు తీస్తన్నావు?"

"నువ్విచ్చిన కాయితం ఎప్పుడో పోయింది బావా."

ఉమాశంకర్ బల్ల మీద కూలబడ్డాడు. "మూడుసార్లు. మూడుసార్లూ సరైన రోజునే. పిల్లలకి ఈ పాఠం సెప్పి బతుకుతున్నోణ్ణి, నాకు సెప్పవా?"

జగన్నాధం చేతిలోని పంచె పక్కన పెట్టాడు. సిగ్గుపడుతున్నవాడిలా తల దించుకున్నాడు.

"సెల్లి సెప్పొద్దంది గానీ బావా, నువ్వు అన్నం తినకండా లేచిపోయిన రోజు అది ఫోను సేస్తాది, నాను కొంటాను; నువ్వు కూనిరాగం తీసుకుంటా రెండోసారి కూర యేయించుకున్న రోజు సేస్తాది, అమ్మీస్తాను."