తాబేలు అడిగిన మాట

మంచుతెరలో చెరువు కలలా కదులుతోంది. నీళ్లు అడుగంటడంతో ఉత్తరాన వాగుకు పోవాలా, దక్షిణాన మడుగుకు పోవాలా అని జీవాలన్నీ తలా ఒక తామరరేకు ఓటుగా వేసి తేల్చుకుంటున్నాయి.

చలికాలమంతా బురదలో నిద్రపోయి అప్పుడే లేచిన తాబేలు ముందు బాతు ఒక రేకు పెట్టింది.

"వెయ్యి పిన్నీ. వెయ్యకపోతే తప్పు."

"వాగులో నీళ్లున్నాయా అమ్మా?"

"ఏమో. అందరూ అటే వేస్తున్నారని నేనూ వేశాను."

తాబేలు ఒడ్డున గెంతుతున్న కప్పపిల్లల వైపు చూసింది.

"తెలియకుండా వెయ్యలేను. ఊరుకోనూ లేను. చూసొస్తాను."

"నువ్వు నడిచి వెళ్లొచ్చేసరికి అందరం ఎండిపోతాం!" అని నవ్వింది బాతు.

"మరి నీకు రెక్కలున్నాయిగా తల్లీ!"

బాతు నవ్వు ఆగిపోయింది. మెల్లగా మంచులోకి ఎగిరింది.

పొద్దువాలే వేళకు తిరిగొచ్చి, "మడుగు నిండుగా ఉంది. వాగంతా ఇసుకే," అంది. ముందుగా బాతే, వాగు వైపు వేసిన తన రేకును ముక్కుతో వెనక్కి తీసుకుంది.