పొట్టి పళ్ళ ట్రాక్

"పెద్ద పళ్ళది వద్దంటే వద్దు. పొట్టి పళ్ళదే వెయ్యి," అన్నాడు ఆరిన్, చేతి తొడుగులు బల్ల మీద పడేసి.

డార్లా రెంచి కింద పెట్టింది. అమెరికాలోని ఐడహో కొండల్లో ఉన్న ఆ ఊళ్ళో, మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్లు బాగుచేసే షెడ్డు ఆమెదొక్కటే. పొద్దున్నుంచీ ఆరిన్ బండిని పక్కకు పడుకోబెట్టి, కింద చక్రాలకు బదులు తిరిగే, అరిగిపోయిన రబ్బరు పట్టాను, ట్రాక్‌ను, ఊడదీస్తోంది. పాతికేళ్ళ బండి. మంచును తోసే పళ్ళు ట్రాక్ మీద సగం రాలిపోయాయి, ఉన్నవి నున్నబడిపోయాయి.

"నువ్వు తిరిగేది ఊళ్ళోనా, కొండ మీదా బాబాయ్?"

"కొండ మీదే."

"అక్కడ నడుంలోతు పొడి మంచు. ఒకటింబావు అంగుళం పళ్ళు చదునుచేసిన దారికి పనికొస్తాయి గానీ, కొండెక్కితే ఉన్నచోటే గొయ్యి తవ్వుకుని కూర్చుంటాయి. నా దగ్గర రెండుంబావు అంగుళాలది ఉంది. ఒక్క చలికాలమే తిరిగింది. నీ బండికి కొలిచి చేసినట్టు సరిపోతుంది."

"అంత బాగుంటే నీ బండికే తొడుక్కో."

డార్లాకు ఒళ్ళు మండింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఆ కొండ మీదే జీవితమంతా గడిపినవాడు, నిన్నగాక మొన్న బండెక్కిన టూరిస్టులా మాట్లాడితే ఎవరికి మండదు?

"ఈ చలికాలం నువ్వెన్నిసార్లు మంచులో దిగబడ్డావో ఊరంతా లెక్కపెడుతోంది. శనివారం వస్తే చాలు, వాకీటాకీలో నీ గొంతే. పాపం లీలండ్ బాబాయ్ పార పట్టుకుని పరుగెత్తాలి. ఆయనేమైనా కుర్రాడా?"

"వాడికంతకంటే రాచకార్యాలేం ఉన్నాయి?"

"ఏదో ఒకరోజు ఆయన వాకీటాకీలో బ్యాటరీ అయిపోతుంది. నువ్వక్కడే గడ్డకట్టుకుపోతావు. ఆ పాపం నాకొద్దు. నేను వెయ్యను, పో."

"అయితే పక్క ఊళ్ళో వేయించుకుంటా."

ఆరిన్ విసురుగా తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. బండి ఇక్కడ విప్పదీసి ఉంది. అదీగాక, ఆమె వెయ్యనన్నది తన మీద ప్రేమతోనే అని అతనికి తెలుసు. తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను తల్లీ."

"చెప్పు."

"పెళ్ళాం నోరీన్ పోయాక లీలండ్ ఎలా అయిపోయాడో నీకు తెలుసుగా? పొయ్యి వెలిగించడు. కర్టెన్లు తియ్యడు. తలుపు కొడితే లోపల్నుంచే ‘బాగానే ఉన్నా, వెళ్ళు’ అనేవాడు. నాలుగు నెలలు అలాగే. వీడు కూడా దాని వెనకే పోతాడేమో అని నాకు నిద్ర పట్టేది కాదు. అలాంటప్పుడు ఓ శనివారం నేను నిజంగానే దిగబడ్డాను. వాకీటాకీలో కేకేశాను."

ఆ లోయలో దిగబడ్డవాడి కేక వినపడితే విన్నవాడు బయల్దేరాల్సిందే. జ్వరమున్నా, పగ ఉన్నా, దుఃఖమున్నా సరే.

"అరగంటలో వచ్చాడు. గడ్డం గుండెల దాకా ఉంది. నన్ను నా తాత ముత్తాతల దాకా తిట్టాడు. తవ్వి తీశాడు. తర్వాత బండ్ల మీద కూర్చుని ఎల్క్ దుప్పి మాంసం వరుగు నమిలాం. పొద్దువాలే దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. నోరీన్ గురించే అంతా. నాకు ఏడుపొక్కటే తక్కువ."

"తర్వాత?"

"తర్వాతి శనివారం నేనే మంచి మెత్తటి చోటు వెతుక్కుని బండిని దింపాను."

డార్లాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "రెండేళ్ళ నుంచీనా?"

"రెండేళ్ళ నుంచీ. అరిగిన ట్రాకే నాకు సాకు."

"పెద్ద పళ్ళది వేసుకుని కూడా కావాలనే దిగబడొచ్చుగా?"

"లీలండ్ నాకంటే మంచి రైడరు. రెండుంబావు అంగుళాల పళ్ళతో నేను దిగబడ్డానంటే నమ్ముతాడా? నాటకమని తెలిస్తే ఇక గడప దాటడు. ఆ శనివారాలు లేకపోతే వాడు బతకడమ్మాయ్. నాకున్న స్నేహితుడు వాడొక్కడే."

తన మాట తనకే ఎక్కువనిపించిందేమో, తొడుగులు తీసుకుని తొడుక్కోవడం మొదలుపెట్టాడు. డార్లా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. నూనె మరకలు ఎప్పుడో పోయినా తుడుస్తూనే ఉంది.

"మరి వేస్తావుగా, పొట్టిది?" అన్నాడు ఆరిన్.

"ఆ పెద్ద పళ్ళది నేను కొన్నది కాదు బాబాయ్," అంది డార్లా నేలకేసి చూస్తూ. "లీలండ్ బాబాయ్ తన బండిది ఊడదీయించి, నీకు వెయ్యమని ఇచ్చి వెళ్ళాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"వాడిదా? మరి వాడి బండికో?"

"ఇక బండితో పని లేదన్నాడు."

ఆరిన్ చేతిలో రెండో తొడుగు అలాగే ఉండిపోయింది. "ఎందుకని?"

డార్లా ఈసారి అతని కళ్ళలోకి చూసింది.

"‘అరిజోనా నుంచి మా చెల్లెలు వచ్చెయ్యమని రెండేళ్ళుగా ప్రాణం తీస్తోంది, నాకూ వెళ్ళాలనే ఉంది, కానీ శనివారం శనివారం ఆ ఆరిన్ గాణ్ణి తవ్వి తీసే దిక్కు లేకే ఇక్కడ పడున్నాను’ అన్నాడు."