ఎర్రపోగు

చీరాలలో ఇప్పుడు మగ్గం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక సర్వర్ ఉంది. డిజైన్ల డేటాబేస్ అంతా అందులోనే కాబట్టి, దాన్ని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఏ రకం వేయాలో పెళ్లి సంబంధం వెతికినట్టు వెతుకుతారు. సుభాషిణి ఆ పనిని అన్నయ్య వీరరాఘవులుకు అప్పగించింది. అతను ‘తుంగ’ అనేదాన్ని ఎంచి, "కోటగోడ లాంటిది చెల్లాయ్, చీమ కూడా బయటికి పోదు" అన్నాడు.

ఈ ఉదయం ఒక షోరూమ్‌లో వేలాడుతున్న చీర చూసి ఆమె ఆగిపోయింది. తన నెమలి అంచు! ఇంకా మగ్గమెక్కనిది, సర్వర్‌లో తప్ప ఎక్కడా లేనిది. కొంగు తిరగేసింది. ఎడమ మూలన ఒక ఎర్రపోగు అడ్డంగా ఉంది. దిష్టి తగలకూడదని తమ ఇంట్లో ప్రతి డిజైన్‌లోనూ కావాలని చేసే తప్పు అది.

ఇంటికొచ్చేసరికి వీరరాఘవులు ఉప్మా తింటున్నాడు.

"షోరూమ్‌లో నా నెమలి అంచు చూశాను. తుంగ ఎవరిది అన్నయ్యా?"

అతను తలెత్తలేదు. "ఆ షోరూమ్ వాళ్లదే. సర్వర్‌లో ఉన్న డిజైన్లన్నీ వాళ్లకి పంపుతుంది. నన్ను హెడ్ డిజైనర్‌ని చేస్తామన్నారే..."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే వేయనిచ్చేదానివా?"

సుభాషిణి సర్వర్ తీగ లాగేసింది. ఎర్రదారం కండె తెచ్చి అతని పళ్లెం పక్కన పెట్టింది.

"దిష్టి బయటినుంచే వస్తుందనుకుని ఇన్నాళ్లూ ఈ పోగు వేశాను అన్నయ్యా."