సాలమ్మ పక్కన పెట్టిన బోర్డు

సాలమ్మ ఓడిపోతే రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు. మేనేజర్ విశ్వనాథం ఆ మాట అందరి ముందూ, మైకు లేని లోటు తెలియకుండా చెప్పాడు.

నాచారంలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లుగా ఆఖరి మాట సాలమ్మదే. లాలాపేట నుంచి ఎనిమిదింటికల్లా దిగుతుంది. బోర్డును భూతద్దం కింద పెట్టి, రాగి గీతలు ఎక్కడైనా తెగాయా, ఒకదానికొకటి అంటుకున్నాయా అని చూస్తుంది. బాగుంటే పంపుతుంది, లేకపోతే పక్కన పడేస్తుంది.

ఇప్పుడు ఆ పనికి మిషన్ వచ్చింది. తప్పులేని బోర్డు ఒకటి చూపిస్తే చాలట. మిగతావన్నీ దాంతో పోల్చుకుని, తేడా కనిపిస్తే కుయ్యిమంటుందట.

పందెం వంద బోర్డులు. ముందు సాలమ్మ చూసింది. మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక్కటంటే ఒక్కటి పక్కన పెట్టింది.

తర్వాత మిషన్ వంతు. మొదటి బోర్డుకే కుయ్యిమంది. రెండోదానికీ అంతే. అలా తొంభైతొమ్మిది బోర్డులకు అరిచింది, అదీ అన్నింట్లోనూ ఒకే మూల చూపిస్తూ! నోరు మూసుకున్నది ఒక్కదానికే. ఖర్మ కొద్దీ అది సాలమ్మ వద్దన్న బోర్డే.

"చూశారా! ఇన్నేళ్లలో ఆ మూల తప్పుని ఒక్కరోజైనా పట్టుకుందా ఈవిడ?" విశ్వనాథం ఉప్పల్ స్టేడియంలో సిక్సర్ కొట్టినవాడిలా పొంగిపోయాడు.

"మిషన్‌కే జరమొచ్చినట్టుంది సార్," అన్నాడు డ్రిల్లింగ్ చేసే కొమురెల్లి.

"నువ్వు నోర్ముయ్యవయ్యా!"

సాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, ఒళ్లుమంట.

"సారూ, నా కండ్లు ఇంకా మంచిగనే ఉన్నయి. గా బోర్డుల గీత తెగింది, ఎంటికంత. మీరే సూడుండ్రి."

విశ్వనాథం చూడలేదు. ఆ బోర్డును గాల్లో ఆడించాడు.

"ఇదేమిటో తెలుసా? మిషన్‌కి నేను చూపించిన బోర్డు! మిషన్ వచ్చిన రోజు పూజలో దేవుడి ముందు పెట్టి, శుభమా అని దీన్నే చూపించాను. నిన్ను పరీక్షిద్దామనే బొట్టు తుడిచి ఈ వందలో కలిపాను. దీన్నే పనికిరాదంటావా?"

సాలమ్మ ఆ బోర్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"పూజకు బోర్డు కావాలని నన్నే అడిగితిరి గద సారూ, పసుపు కుంకుమ పూసి ఖరాబు చేసేదానికి మంచిదెందుకని, పక్కన పడేసినవాట్లకెల్లి తీసిచ్చిన!"