గట్టు మీది పరీక్షలు

ఏ చేలో కోత మిషన్ దిగినా గట్టు మీద దివాకర్ ప్రత్యక్షం. చేతిలో ఫోను, చంకలో కాగితాలు, కాళ్లకు తెల్లటి బూట్లు. బూట్లు మాసిపోతాయని గట్టు మాత్రం దిగడు. మక్తల్ దగ్గరి ఆ ఊళ్లో జనం నవ్వుకున్నారు. నవ్వరా మరి?

షాద్‌నగర్ కంపెనీలో పదేళ్లు సూపర్‌వైజర్‌గా చేసి, తండ్రి పొలం చూసుకోవడానికి వచ్చిన మనిషి. ఊళ్లో ఒక్కడికీ సేద్యం రాదని ఆయన నమ్మకం. మక్క, కంది, జొన్న... ఎకరానికి ఏ మిషన్‌కు ఎన్ని నిమిషాలు పట్టింది, ఎంత డీజిల్ తాగింది, ఎన్నిసార్లు ఆగింది, అన్నీ రాసుకున్నాడు.

తీరా యాసంగి కోతలొచ్చేసరికి కాగితాలు చేతులెత్తేశాయి. మొన్నటి గాలివానకు ఆయన ఎనిమిదెకరాల వరి చాపలా నేలకు పడిపోయింది. మక్కలో సురేశ్ టైర్ల మిషన్ మేలు. నిలబడ్డ వరిలో నర్సింహ చైన్ మిషన్ మేలు. పడిపోయిన వరి సంగతి ఎక్కడా రాసిలేదు. మళ్లీ మబ్బు పడుతోంది. రేపు కోయకపోతే కంకి మీదే మొలకలొస్తాయి.

అప్పుడే హనుమమ్మ అటుగా వచ్చింది. అన్ని పంటల్లోనూ, అన్ని మిషన్ల దగ్గరా ఈ ముసలామెను చూశాడు. ఏ గడ్డిమోపుకో వస్తుందనుకున్నాడు. ఆమెను అడగడం నామోషీయే. అయినా అడిగాడు.

"హనుమమ్మా, నర్సింహ మిషన్ ఎట్లుంటది?"

ఆమె మూతి తిప్పింది.

"థూ, గదొక మిషనా పటేలా? పండ్లు లేనోడు బువ్వ తిన్నట్టు నములుకుంట పోతది. కందిల సూసిన, జొన్నల సూసిన. దానెంబడి తిరిగితె నడుములు పోవుడే గని ఏం ఫాయిదా లేదు."

"మరి సురేశ్‌ది?"

ఆమె మొహం విచ్చుకుంది.

"మిషనంటే గది! మక్కల సూసిన, ఒక్కటే ఉరుకుడు. దాని కడుపు సల్లగుండ."

"పడిపోయిన వరిల?"

"పడ్డ వరిల దానంత మిషన్ గీ సుట్టుపక్కల్నే లేదు. నా మాటిను పటేలా."

దివాకర్ కాగితాలు తిరగేశాడు. నిమిషాల్లో అన్నిటికన్నా ముందున్నది సురేశ్ మిషనే. పర్వాలేదు, ఈమెకూ కాస్త తెలివుంది అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని సిద్ధంగా ఉండమన్న నర్సింహకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

"పడ్డ వరిని మెల్లగ కొయ్యాలె సారూ, లేకుంటె..."

"నీ నత్తనడక నువ్వే ఉంచుకో," అని పెట్టేశాడు.

మర్నాడు సురేశ్ మిషన్ మూడు గంటలకల్లా ఎనిమిదెకరాలూ చుట్టేసింది. దివాకర్ గట్టు మీదే నిలబడి నిమిషాలు రాసుకున్నాడు. ఇక ఊరంతా సలహాకు తన గడపే తొక్కుతుందని మురిసిపోయాడు.

మిషన్ పొలం దాటీ దాటకముందే, అది వదిలేసిన కంకులు ఏరుకున్నవాళ్లవే అన్న ఊరి కట్టుబాటు ప్రకారం, ప్రతి కోతలో లాగే హనుమమ్మ గట్టు దిగింది, కాకపోతే ఈసారి ఇద్దరు కోడళ్లనూ ఆరు ఖాళీ సంచులనూ వెంటబెట్టుకుని.